నర్సింహ బండి చప్పుడు

మోటారు సైకిల్ మెకానిక్ పని నేర్చుకుంటామని ఈమధ్య కొందరు మా ఇంటికి వస్తున్నారు. అందరూ అడిగేది ఒకటే: "తాతా, ఏ పానాతోని మొదలువెట్టాలె?" పానాల సంగతి నెలలో వచ్చేస్తుంది నాయనా. రానిది వేరే ఉంది. అది వచ్చేసరికి నా వయసు ముప్పై దాటింది, వచ్చిన తీరు ఈరోజుకీ మరిచిపోలేను. అందుకే రాస్తున్నాను. నేను ఎప్పుడు హెడ్ మెకానిక్ అయ్యాను, పని మానేసిన రోజు ఎవరు దండ వేశారు, ఇవేవీ ఇందులో ఉండవు. అవన్నీ ఎవడిక్కావాలి?

షెడ్డులో పని

నా పేరు దావీదు. దేవరకొండ దగ్గర పల్లె మాది. మా బాపు పటేలు దగ్గర జీతమున్న పాలేరు. ఊళ్లో ఆయనకు పని చెప్పేవాళ్లే అందరూ. "నీకు ఇష్టమేనా, నువ్వేమంటావ్?" అని ఒక్కరు కూడా అడిగి ఎరుగరు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందుకు పనికొస్తుంది.

నందికొండ దగ్గర కృష్ణ మీద డ్యాం పని మొదలైనప్పుడు మా దిక్కు పల్లెలన్నీ తట్టా పారా పట్టుకుని అటు నడిచాయి. నేనూ నడిచాను. రాళ్లు మోయడానికి పోయినవాణ్ణి, ఒకరోజు షెడ్డు ముందు దగ్గుతూ దగ్గుతూ నడుస్తున్న జీపు దగ్గర తట్ట దించి నిలబడిపోయాను. అక్కడి మేస్త్రీ ఖాదర్ సాబ్ చూశాడు.

"ఏం జూస్తున్నవ్ రా గంత సేపు?"

"చూస్తలేను సాబ్. ఏడ నొస్తున్నదో ఇంటున్న."

ఆ ఒక్క మాటకు నన్ను లోపలికి పిలిచాడు.

పని అంటే ఏమనుకున్నారు? రాతి దుమ్ము, సిమెంటు దుమ్ము. పొద్దున శుభ్రం చేసిన కార్బొరేటర్ సాయంత్రానికి పిండి గిర్నీలా అయ్యేది. ఎండాకాలం పానా పట్టుకుంటే అరచెయ్యి కాలేది. బకెట్టు నీళ్లలో పానాలు వేసుకుని, ఒక్కొక్కటి తీసి వాడుకునేవాళ్లం. ఖాదర్ సాబ్ తిట్టని రోజు లేదు. బోల్టు వదులుగా బిగిస్తే, "పనోడు పందిరేస్తే కుక్క తోక తగిలి కూలిందంట, గట్లున్నది నీ పని" అని పదిమందిలో అనేవాడు. కానీ ఆయన దగ్గర ఒక వరుస ఉండేది. "ముందు బండి గల్లోన్ని అడుగు. తర్వాత బండిని అడుగు. ఆఖరికి పానా అందుకో." బండి గల్లోడంటే బండి సొంతదారు. ఇప్పటివాళ్లు మొదలే పానా అందుకుంటున్నారు. నేను చేసిందీ అదే అనుకోండి.

గుడ్డలో కట్టి ఇవ్వాలి

చేరిన కొత్తలో ఒక ఓవర్సియర్ గారి బండికి క్లచ్ స్ప్రింగులు మార్చాను. ఆరు స్ప్రింగులు. పాతవాటిని ఇసుకలోకి విసిరేశాను. ఖాదర్ సాబ్ వచ్చి, "పాత సామాను ఏది?" అన్నాడు.

"అరిగిపోయినయ్ సాబ్, పారేసిన."

"అరిగితే? నీ అబ్బ సొత్తా అది?"

జల్లెడ చేతికిచ్చాడు. నడి ఎండలో సగం రోజు ఇసుక జల్లించాను. ఐదు దొరికాయి, ఆరోది దొరకలేదు. ఆ ఐదింటినీ గుడ్డ పీలికలో మూట కట్టి, నన్ను వెంటబెట్టుకుని ఓవర్సియర్ గారి ఇంటికి పోయాడు. "ఒకటి మావోడు పోగొట్టిండు సాబ్, మాఫ్ చెయ్యుండ్రి" అని చేతులు కట్టుకున్నాడు. ఆయన పగలబడి నవ్వాడు. ఖాదర్ సాబ్ మాత్రం నవ్వలేదు. తిరిగి వస్తుంటే అన్నాడు: "పాతది బండి గల్లోని చేతికియ్యాలె. పారేసుకుంటడో, దేవుని కాడ వెట్టుకుంటడో, వాని మర్జీ. నువ్వెవడివిరా పారేసెటందుకు?"

ఆ తర్వాత చాలా ఏళ్లు, నట్టు మార్చినా సరే, పాతదాన్ని గుడ్డలో ముడివేసి బండి మీద పెట్టి పంపాను. ఒక్కసారి తప్పాను.

నర్సింహ

నర్సింహ ఆఫీసు టపా మోసేవాడు. నందికొండ నుంచి రాతి క్వారీలకు, దేవరకొండకు, ఒక్కోసారి నల్లగొండ దాకా కాగితాల సంచీ భుజాన వేసుకుని తిరిగేవాడు. వాడి బండి యుద్ధం నాటి మిలిటరీ మోటారు సైకిల్. ఆఫీసువాళ్లు ఇక పనికిరాదని తీసేస్తే వాడు తెచ్చుకుని పెళ్లాంలా చూసుకున్నాడు. నిజం పెళ్లాం లేదు లెండి. తల్లి ఎల్లమ్మ ఒక్కతే. ఆమెకు కళ్లు పోయి అప్పటికే చాలా కాలం.

ఆ బండి సైలెన్సర్ నిలువునా చీలి ఉండేది. వాడే దానికి నూనె డబ్బా రేకు చుట్టి, ఇనుప తీగతో కట్టాడు. నడుస్తున్నంతసేపూ రేకు గలగలమనేది. వాలులో పెట్రోలు మూసి దిగితే చీలికలోంచి గాలి దూరి, ఫట్ ఫట్ అని రెండుసార్లు పేలేది. నాకు చిరాకు. మార్చుతానని ఎన్నిసార్లు అడిగానో!

"అరే, ఉండనీ రా దావీదూ. అది మా ఇంటి గంట" అనేవాడు.

వీడి బద్ధకానికి ఇదొక సాకు అనుకునేవాణ్ణి. గంట ఏమిటి, ఎవరికి మోగుతుంది అని ఒక్కసారీ అడగలేదు.

ఒకరోజు క్వారీలో కాగితం ఇవ్వడానికి పోయాడు. పేలుడు హెచ్చరికగా ఎర్ర జెండా ఎగురుతూనే ఉంది, రాతికి పెట్టిన మందు పేలింది, వాడు బండ చాటుకు చేరేలోపల రాయి వచ్చి తలకు తగిలింది. దవాఖాన దాకా కూడా ప్రాణం నిలవలేదు. బండి ఇరవై గజాల అవతల స్టాండు మీద ఉంది. దానికి గీత పడలేదు. శవంతోపాటు బండిని కూడా లారీలో వేసి ఊరికి పంపాం. దాన్ని నడుపుకుంటూ ఆ ఊళ్లోకి పోవడానికి మాలో ఎవరికీ గుండె చాలలేదు. ఎందుకు చాలలేదో ఎవరూ చెప్పుకోలేదు, అందరికీ తెలుసు: ఆ చప్పుడు వింటే ఇంట్లో వాడే వచ్చాడనుకుంటారు. ఆరోజు తెలిసిన సంగతి తర్వాత నాకు ఎట్లా తెలియకుండా పోయిందో, అదే నాకు అర్థం కాదు.

క్లబ్బు

ఐదారేళ్లు గడిచాయి. డ్యాం కాలనీలో ఇంజనీర్లు కొందరు మోటారు సైకిల్ క్లబ్బు పెట్టుకున్నారు. దాని పెద్ద శేషగిరిరావు గారు, గుంటూరు వైపు మనిషి. చెడ్డవాడు కాదు. ఆదివారం పూట తోటివాళ్లను వెంటేసుకుని కొండల్లో తిరిగేవాడు. ఆయనకే పుట్టింది ఆలోచన: పాత మోటారు సైకిళ్ల ప్రదర్శన, మా దిక్కు మాటలో నుమాయిష్, పెట్టాలని. హైదరాబాదు నుంచి, మహబూబ్‌నగర్ నుంచి బండ్లు వస్తాయన్నారు. కొల్లాపూర్ దిక్కు నుంచి ఒక దొరల ఇంటి సైడ్‌కార్ బండి వస్తుందన్నారు. మన క్లబ్బు తరఫున ఏం పెడదామని, వాళ్ల బండ్లు బాగుచేసే నన్ను అడిగారు. నేనే నోరు జారాను. "మిలిటరీ బండి ఒకటి ఉంది సార్" అన్నాను.

జీపులో ఇద్దరం నర్సింహ ఊరికి వెళ్లాం. ఎల్లమ్మ గడప మీద కూర్చుని ఉంది. నా గొంతు విని, "దావీదా? ఎన్నొద్దులకొస్తివి బిడ్డా" అని నా తల తడిమింది. బండి కొట్టం కింద ఉంది, మీద జొన్నచొప్ప కప్పి. శేషగిరిరావు గారు వచ్చిన పని చెప్పారు.

"తీస్కపోండ్రి. నేనేం జేసుకోను?" అంది. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఒక్కటే కోరిక బిడ్డా. అందరి ముంగట దాన్ని ఒక్కపారి చాలూ జెయ్యి. నా కొడుకొస్తుంటె ఎట్లుంటుండెనో గట్ల. నన్ను పక్కకు నిలవెట్టు. నాకు కండ్లు లేవు, వాని ఫోటువ లేదు. ఒక్కపారి ఇని పోత, గంతే."

"స్టార్టు జేసి వినిపిస్త పెద్దమ్మా" అని చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను.

పదిహేను రోజులు ఆ బండికే అంటిపెట్టుకున్నాను. పిస్టన్ పట్టేసి ఉంటే గ్యాసునూనె, అంటే కిరోసిన్, పోసి వారం నానబెట్టాను. నిప్పురవ్వ పుట్టించే మ్యాగ్నెటోకు తేమ పడితే ఎండలో పెట్టి ఆరబెట్టాను. పనిముట్ల పెట్టెలో ఎలుకలు కాపురం పెట్టాయి, వాటిని ఖాళీ చేయించాను. రంగు కొట్టాను, నికెల్ తోమాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏ బండీ చేయలేదు. అది స్నేహితుడి మీద ప్రేమ అనుకున్నాను. సగమే ప్రేమ. మిగతా సగం, నలుగురిలో నా పనితనం చూపించాలనే తీట.

శేషగిరిరావు గారు వచ్చి చూసి, సైలెన్సర్ దగ్గర ముక్కు చిట్లించారు. "ఈ రేకేంటండీ దావీదు, ఈ తీగలేంటండీ, అసహ్యంగా! తీసిపారేసి కొత్తది పెట్టండి."

తప్పు ఆయన మీదికి తోయను. ఆయన అనకపోయినా నేను మార్చేవాణ్ణే. తీగ తెంపి, సైలెన్సర్ ఊడదీసి, తుక్కు గుట్ట మీదికి విసిరాను. ఆ క్షణాన చేతిలో గుడ్డ పీలిక ఉంది. దాంతో చేతులు తుడుచుకున్నాను.

అది ఏ ఇంజనీరు గారి బండో అయితే ఆ గుడ్డలో పాత సైలెన్సర్ కట్టి ఇంటికి తీసుకుపోయి ఇచ్చేవాణ్ణి. కళ్లు లేని ముసలామె, పల్లెలో గుడిసె, ఆమెకెందుకు తుప్పు ఇనుము అనుకున్నాను. నేను, మా బాపు కొడుకును, అనుకున్నాను. ఛీ!

ప్రదర్శన రోజు

కాలనీ మైదానంలో షామియానా, మైకు, తెల్లటి తాళ్లు. బండ్లన్నీ వరుసగా ఎండలో తళతళలాడుతున్నాయి. నర్సింహ బండి చుట్టూ జనం విరగబడ్డారు. ఎల్లమ్మను జీపులో తీసుకొచ్చాను. ఉతికిన చీర కట్టుకుంది, కొంగున జొన్నరొట్టెలు మూట కట్టుకుంది. బండి హ్యాండిల్ తడిమింది, ట్యాంకు తడిమింది. "నున్నగ జేసినవ్ బిడ్డా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నా ఛాతీ ఉబ్బింది.

మైకులో మా క్లబ్బు పేరు చెప్పారు. కిక్ కొట్టాను. మొదటి కిక్కుకే అందుకుంది! కుట్టుమిషను నడిచినట్టు మెత్తగా, ఒక్క తొట్రుపాటు లేకుండా. జనం చప్పట్లు కొట్టారు. శేషగిరిరావు గారు భుజం తట్టారు. నేను ఎల్లమ్మ వైపు తిరిగాను.

ఆమె చెవి ఇటు పెట్టి, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని నిలబడి ఉంది. ఎదురుచూస్తున్నట్టు. కాసేపయ్యాక అడిగింది:

"ఎప్పుడు చాలూ జేస్తవ్ బిడ్డా?"

ఆమె చెవి దగ్గరికి వంగాను. "నడుస్తున్నది పెద్దమ్మా. గిదే" అన్నాను.

"ఎవలదో నడుస్తున్నది. నర్సిమ్మది చాలూ జెయ్యి."

"గిదే నర్సింహది పెద్దమ్మా."

మళ్లీ విన్నది. తల అడ్డంగా ఊపింది. "గాదు. వాడు మూలమలుపు కాడికి రాంగనే గలగల ఇనపడుతుండె. నేను పెనం వెడుదును. వాలుల రెండు పేలుడు ఇనంగనే రొట్టె ఏద్దును. వాడు కాళ్లు గడుక్కునేసరికి రొట్టె ఉడుకుతుండె. గది గాదు బిడ్డా గిది."

ఇంటి గంట! వాడు ఎన్నిసార్లు చెప్పాడో అన్నిసార్లూ నా చెవిలో మోగింది. బండి ఆపేశాను. హైదరాబాదు నుంచి వచ్చిన న్యాయనిర్ణేత ఒకాయన వంగి చూసి, "అన్నీ అసలువే, సైలెన్సర్ ఒక్కటే కొత్తది. పాతదే ఉంచాల్సింది" అని కాగితం మీద ఏదో కొట్టేశాడు. కప్పు సైడ్‌కార్ బండికి పోయింది. పోతే పోయింది.

తిరిగి ఊరికి తీసుకుపోతుంటే జీపులో ఎల్లమ్మ అడిగింది. "పగిలినదాన్ని ఏం జేసినవ్?"

"పారేసిన పెద్దమ్మా."

ఊరు దగ్గరపడ్డాక, "నన్నొక్కమాట అడగకపోతివి బిడ్డా" అంది. తిట్టినా బాగుండేది. కొంగులోని రొట్టెలు నా చేతిలో పెట్టి దిగిపోయింది.

చేతులు కాలాక

మర్నాడు పొద్దున్నే తుక్కు గుట్ట మీదికి ఎక్కాను. తుక్కంతా రెండురోజుల క్రితమే లారీలో నల్లగొండ పోయిందన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. సంగతి విని శేషగిరిరావు గారు తలపట్టుకుని కూర్చున్నారు. "నేనే కదండీ తీసిపారేయమన్నాను" అన్నారు. జీపు ఇచ్చి పంపారు. నల్లగొండ తుక్కు దుకాణంలో గుట్టలు గుట్టలు తిరగేశాను. మాది అప్పటికే కొలిమికి పోయింది. ఆ రకం సైలెన్సర్ మాత్రం ఒకటి దొరికింది. దాన్ని తెచ్చుకున్నాను.

ఇక మొదలైంది నా పిచ్చి. నర్సింహ బండి షెడ్డులోనే ఉండిపోయింది, ఎల్లమ్మ మళ్లీ అడగలేదు. ఆ సైలెన్సర్‌ను రంపంతో నిలువునా కోశాను. రేకు చుట్టాను, తీగ కట్టాను. తీగ బిగిస్తే గలగల రాదు. వదిలితే మరీ ఎక్కువ. రేకు పెద్దదైతే పేలుడు ఒకటే వస్తుంది. కోత అంగుళం పొడిగిస్తే మూడు వస్తాయి. పని అయిపోయాక రోజూ కాలనీ వాలు మీదికి పోయి, పెట్రోలు మూసి దిగేవాణ్ణి. షెడ్డులో అందరూ "దావీదుకు నర్సింహ పట్టిండు" అని గుసగుసలాడారు. ఎనిమిదేళ్లు విన్న చప్పుడు, నా చెవి మరిచిపోలేదు. మూడు నెలలకు ఒక సాయంత్రం వాలులో దిగుతుంటే గలగల, ఆ వెంటనే ఫట్ ఫట్. అచ్చం వాడే. బండి పక్కకు ఆపి రోడ్డు మీదనే కూర్చుని ఏడ్చాను.

ఆదివారం ఆమెకు వినిపిద్దామనుకున్నాను. ముందు కబురు పంపాలన్న ఆలోచనే రాలేదు. సంతోషపెడదామనుకున్నాను. చూడండి, రెండోసారి కూడా అడగలేదు.

మూలమలుపు

పొద్దు గూకకముందే ఆ ఊరి గుట్ట ఎక్కాను. మూలమలుపు తిరగ్గానే దూరంగా గుడిసె కనిపించింది. ముందు ఆమె కూర్చుని ఉంది. రేకు గలగలమంటోంది. వాలులో పెట్రోలు మూశాను. ఫట్ ఫట్.

ఎల్లమ్మ లేచింది. ఒక్క ఉదుటున లేచింది. "నర్సిమ్మా!" అని కేక వేసి లోపలికి పోయింది. నేను గుడిసె ముందు బండి ఆపేసరికి లోపల పెనం పొయ్యి మీద ఉంది. ఆమె పిండి డబ్బా కోసం తడుముకుంటోంది, పిండి నేల మీద పోస్తోంది. "ఆగు కొడుకా, అయిపాయె, కాళ్లు గడుక్కో, అయిపాయె" అంటోంది.

నేను గడపలో నిలబడ్డాను. ఒక్క గడియ ఊరుకుందామా అనిపించింది. ఆ రొట్టె వేసేదాకా, ఆ ఒక్క రొట్టె వేసేదాకా. ఊరుకోలేకపోయాను.

"నేను పెద్దమ్మా. దావీదును."

చేతులు ఆగిపోయాయి. పెనం నుంచి పొగ లేస్తోంది. ఆమె నేల మీద అట్లాగే చతికిలబడింది.

"నుమాయిష్‌ల వాడు రాలేదని ఏడ్సిన బిడ్డా. ఇయ్యాల వచ్చిండు." కొంగుతో మొహం తుడుచుకుంది. "అప్పుడు వాన్ని లారీల తెచ్చి వాకిట్ల పండవెట్టిన్రు. వీడు గాడు, నా కొడుకు బండి మీదనే వస్తడు అనుకున్న. గిన్నేండ్ల సంది మనసుల ఓ మూలకు గట్లనే అనుకుంటున్న. బండి సప్పుడు ఇనలేదు గద, ఇంక తొవ్వల్నే ఉన్నడు అని. ఇయ్యాల బండి వచ్చింది. వాడు రాలే."

నేను ఆమె కాళ్లు పట్టుకున్నాను. ఆమె నా తల నిమిరింది. "నీ తప్పేమున్నది, మంచిగనే జేసినవ్. అచ్చం గట్లనే ఉన్నది. ఇంక తేకు బిడ్డా. నాకు ఇనవెట్టకు."

పొయ్యి మీద నుంచి పెనం నేనే దించాను. బయటికి వచ్చి బండి స్టాండు తీశాను. కిక్ మీద కాలు పెట్టి, తీసేశాను. స్టార్ట్ చేస్తే ఆమెకు వినపడుతుంది, వచ్చినవాడు వెళ్లిపోతున్నట్టు. తీగ బిగించి, రేకు గలగలమనకుండా చొక్కా విప్పి దాని చుట్టూ కట్టాను. ఆ బరువు బండిని ఎగువకు నెట్టుకుంటూ, మూలమలుపు దాటి, గుట్ట దిగి అవతలి ఊరి దాకా నడిచే పోయాను.